నలభై ఒకటో పుట

"నలభై ఉంది. నలభై రెండు ఉంది. మధ్యలోదానికి కాళ్ళొచ్చాయా, నడిచి వెళ్ళిపోయిందా?"

పాఠాంతరంగారు కట్ట విప్పి లెక్కపెట్టడం అది మూడోసారి. బల్ల మీద మెత్తటి గుడ్డ, గుడ్డ మీద రాతప్రతి, ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో భూతద్దం. పుట తిప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి తిప్పుతున్నారు. వందల ఏళ్ళనాటి కాగితం, గట్టిగా దగ్గితే అంచులు రాలతాయి.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరూ వాడరు. ఎవరేం చెప్పినా "దీనికి ఇంకో పాఠం ఉందేమో చూడాలి" అనడం ఆయనకు అలవాటు. పక్కింట్లో ఆడపిల్ల పుట్టిందని చెబితే కూడా ఇంకో ఇద్దరిని అడిగితే గానీ నమ్మలేదు. ఆ దెబ్బతో పేరు స్థిరపడిపోయింది.

ఆయన భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడి వేళ్ళు నలుపుకుంటోంది.

"రెండు పుటలు ఒకదానికొకటి అంటుకుపోయాయేమో చూడండి," అంది.

అన్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. ఆ పుట ఎక్కడుందో ఆవిడకు తెలుసు. నిన్న సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు రెండు అట్టల మధ్య పెట్టి, కుట్టుపెట్టె అడుగున దాచింది ఆవిడే.

"మిగతావేవీ అంటుకోలేదు గానీ ఇదొక్కటే అంటుకుందా?" ఆయన గొంతు లేచింది. "పది గంటలకి సీసం మామ వస్తాడు. ఫోటో తీసే మనిషిని కూడా కూర్చోబెట్టాడట. మధ్యాహ్నం యంత్రం తిరగాలి. ఇప్పుడు పుట లేదని చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

సీసం మామ అంటే అచ్చాఫీసు యజమాని. సీసపు అక్షరాల కాలం ఎప్పుడో పోయినా ఆయన మాటల్లో మాత్రం పోలేదు.

"పోనీ, ఫోటో లేకుండా వేయిస్తే?" అంది ఆవిడ, ఎటో చూస్తూ.

"ఫోటో లేకుండానా? ఏమోయ్, ఆ పుట మీదే కదా పుస్తకం నిలబడింది! మొదటి పేజీకి ఎదురుగా అది ఉండాలి. చదివేవాడు ముందు ఆ వాక్యాన్ని కళ్ళారా చూడాలి. తర్వాతే నా మాటలు."

ఆ వాక్యం పేరెత్తేసరికి ఆయన కోపం ఎటో పోయింది. కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చదివారు.

"ఈమె పన్నెండేండ్లు నిప్పు నిలిపినది. ఓ కుమ్మరీ, నీవేమి నిలుపుకొని వచ్చితివి?"

ఆవిడ అక్కడ నిలబడలేకపోయింది. పొయ్యి మీద పాలు పెట్టానంటూ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు, పొయ్యే వెలగలేదు.

*

ఈ ఇంట్లో పని జరిగే తీరు కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ గుండెల మీద బరువు ఎంతో తెలియదు.

పాత గ్రంథాన్ని అచ్చుకు సిద్ధం చేయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ప్రతిని చూస్తూ పైకి చదవాలి, ఇంకొకరు విని రాయాలి. ఈ ఇంట్లో చదివేది ఆవిడ, రాసేది ఆయన. రాసేవారు ప్రతి వంక చూడకూడదు. చూస్తే కళ్ళు చదివింది ఒకటి, చెవులు విన్నది ఒకటి అయి చెయ్యి తడబడుతుందని పాఠాంతరంగారి సిద్ధాంతం. పుట పూర్తయ్యాక ఆయన రాసింది ఆయన తిరిగి చదువుతారు. ఆవిడ ప్రతి మీద పంక్తి పంక్తికీ వేలు పెట్టి చూసుకుని "ఉంది" అంటుంది. ఆ మాట పడితేనే ఆ పంక్తి నిలిచినట్టు. పుట మొత్తం నిలిచాక దాన్ని కట్టలో పెట్టేస్తారు. మళ్ళీ తెరవకూడదు. తెరిచినప్పుడల్లా చిటికెడు కాగితం పొడి అవుతుంది కాబట్టి, అది ఆ ఇంట్లో శిలాశాసనం లాంటి నియమం.

పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఉంది, ఉంది అంటూనే ఉంది. పక్క గదిలో కూర్చుని ఆ మాట వినీ వినీ చెవులు తూట్లు పడిపోయిన వదినగారు, అంటే పాఠాంతరంగారి అక్కగారు, మరదలికి ఉందమ్మ అని పేరు పెట్టేసింది.

ఆ గ్రంథంలో కుమ్మరి కథ ఒక అధ్యాయం. ఏదో శాపం వల్ల కుమ్మరి తనవాళ్ళను మరిచిపోయి పన్నెండేళ్ళు ఊళ్ళు పట్టి తిరుగుతాడు. అతను తిరిగొచ్చేదాకా భార్య కుండలు కాల్చే ఆవంలో నిప్పు ఆరనివ్వదు. వానలో తన ఒంటినే అడ్డం పెడుతుంది. చివరికి అతను వస్తాడు, దేవుడూ ప్రత్యక్షమవుతాడు. నలభై ఒకటో పుట అడుగున దేవుడు నోరు తెరుస్తాడు. నలభై రెండో పుట మొదట "ఆ మాట విని అతడు తల వంచుకొని ఊరక నిలిచెను" అని ఉంటుంది.

మధ్యలో ఏమన్నాడు దేవుడు? తల దించుకునేంత మాట ఏమిటది? అదే ఆ ప్రశ్న. భార్య నిష్ఠను పొగిడిన గ్రంథాలు కొల్లలు. మొగుణ్ణి నిలబెట్టి, మరి నీ సంగతేమిటని అడిగిన గ్రంథం ఇదొక్కటేనని పాఠాంతరంగారి ఆనందం. పీఠికలో దాని మీదే పదహారు పేజీలు రాశారు. ఎవరు ఇంటికొచ్చినా కాఫీ కంటే ముందు ఆ వాక్యం వినిపిస్తారు.

ఆ వాక్యం ప్రతిలో లేదు. అక్కడ నాలుగు పంక్తులు పురుగు తినేసింది. పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున, ఆ చిల్లు మీద వేలు పెట్టి, ఆ వాక్యం చదివింది ఉందమ్మే.

*

"పాలు లేవు, పొయ్యి లేదు. మరి నువ్వెందుకు ఉన్నావిక్కడ?"

వదిన వెనకాలే వచ్చేసింది. డెబ్బై దాటినా ఆవిడ అడుగుల చప్పుడు ఎవరికీ వినబడదు. ఇంట్లో ఏ రహస్యమూ రెండు రోజులు దాగకపోవడానికి అదొక కారణం.

"ఏం లేదు వదినా."

"నీ మొహం చూస్తే తెలియడం లేదూ! పొద్దున్నించీ మూడుసార్లు కుట్టుపెట్టె మూత తీసి వేశావు. సూది ముట్టుకోలేదు, దారం ముట్టుకోలేదు. ఆ కాగితం అందులోనే తగలడింది కదూ?"

ఉందమ్మ కళ్ళనీళ్ళు ఆగలేదు.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పు. మావాడు వింటాడని భయం వద్దు. పుట పోయిందన్న దిగుల్లో వాడికి ఇల్లు కూలినా వినబడదు."

చెప్పింది. చెప్పాలనుకున్నంత కంటే ఎక్కువే చెప్పింది. చిల్లు సంగతి, వాక్యం సంగతి. ఆయన దాన్ని తిరిగి చదివినప్పుడు తాను ఉంది అన్న సంగతి.

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నాను వదినా. చదవడం చదివేశాను, ఆయన తలెత్తి నావంక చూస్తారనుకున్నాను. ఎత్తలేదు. కలం ఆపి, ‘ఓ కుమ్మరీ తర్వాత విరామం ఉందా?’ అని అడిగారు."

వదిన నవ్వాపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వాడంతే."

"తర్వాత ఒకటే సంబరం. పిల్లాడిలా గది చుట్టూ తిరిగారు. సాయంత్రానికి చెబుదామనుకున్నాను, మర్నాటికి చెబుదామనుకున్నాను. ఏళ్ళు గడిచిపోయాయి. ఇంక ఎలా చెప్పను? లేని అక్షరం ఒక్కటి కూడా చేర్చని మనిషని ఆయనకు పేరు. దాని కోసమే కదా ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నారు. ఇవాళ అచ్చయిపోతే, రేపు ఎవరో ఒకరు ఆ పుట చూపించమంటారు. అప్పుడు ఆయన్ని దొంగ అంటారు. ఇప్పుడు చెబితే నన్ను ఆయనే అంటారు."

"సరే, అది అర్థమైంది. అసలు నీకు ఆ మాట అడగాలని ఎందుకు పుట్టింది? దేవుడి నోట్లో పెట్టి మరీ?"

ఉందమ్మ ఆ వాక్యం చదివిన పొద్దునకు రెండు నెలల ముందే ఆయన వేరే ఊరి గ్రంథాలయం నుంచి తిరిగొచ్చారు. అక్కడ ఇంకో ప్రతి ఉందని వెళ్ళి, ఆ ప్రతిలో కుమ్మరి అధ్యాయమే లేదని తెలిసినా, మిగతాది సరిచూసుకోవడానికి రెండేళ్ళు ఉండిపోయారు. మొదట్లో వారానికి రెండు ఉత్తరాలు. చివర్లో నెలకొకటి, అదీ ఆరోగ్యం జాగ్రత్త అన్నంతవరకే.

"పెట్టె విప్పి బట్టలు ఉతకడానికి తీశాను వదినా. నీలం చొక్కాకి మూడో గుండీ మార్చి కుట్టి ఉంది. నేను గుండీకి రెండు గీతలు పక్కపక్కన వచ్చేటట్టు కుడతాను. అది అడ్డంగా, కత్తెర గుర్తులా ఉంది. దారం కూడా సరిగ్గా అదే నీలం, వెతికి తెచ్చినట్టు. ఆయనకి సూదిలో దారం ఎక్కించడమే రాదు."

"ఎవరైనా దర్జీ కుట్టాడేమో."

"దర్జీ లోపలివైపు ముడిని దాచడు. అంత తీరిక దర్జీకి ఉండదు."

ఈ కుటుంబంలో అక్షరాలే కాదు, కుట్లు కూడా చదవగల మనిషి ఉందని వదినకు అప్పుడే తెలిసింది.

"అడగలేదా?"

"ఎలా అడగను? అడిగితే ఉంది అంటారేమో అని భయం. లేదంటారేమో అనీ భయమే. లేదంటే నమ్మాలిగా. అందుకే పుట చదువుతుంటే నోట్లోంచి వచ్చేసింది. నేను కాదు, నా ప్రాణం అడిగింది. ఆయనేమో రాసుకున్నారు."

వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది తుడవాల్సినంత మసకగా ఏమీ లేదు.

"నాకూ ఒక ప్రశ్న ఉండేదే," అంది. "మీ అన్నయ్యని, నా మొగుణ్ణే, బతికుండగా ఒక్కనాడూ అడగలేదు. పోయాక ఫోటోని అడిగాను. ఆ ఫోటోకేం, నవ్వుతూ ఉంటుంది. పదేళ్ళ నుంచీ అదే నవ్వు. చిరాకేసి గోడ వైపు తిప్పేశాను కూడా కొన్నాళ్ళు."

ఉందమ్మకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

"నీ మొగుడు ఇంకా నోరున్న మనిషే. లేచి వెళ్ళు. మొహం కడుక్కుని వెళ్ళు, కాగితం మీద నీళ్ళు పడితే అది కూడా నీ ఖాతాలోనే రాస్తాడు."

*

సీసం మామ చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే వచ్చేశాడు. చేతిలో చివరి ప్రూఫుల కట్ట, చెవి మీద పెన్సిలు.

"గురువుగారూ, యంత్రం తుడిపించి పెట్టాను. మీరు సంతకం పెట్టడం, పుట నా చేతికివ్వడం, అంతే," అని ప్రూఫుల కట్టలో పైకాగితం తీసి చూపించాడు. "ముందు ఇది చూడండి. అంకితం పేజీ. అక్షరం కొంచెం పెద్దది వేశాను. చెల్లెమ్మా, నువ్వూ చూడు, నీ గురించే."

ఉందమ్మ అప్పుడే గదిలోకి వచ్చింది. కాగితం మీద మూడు పంక్తులే ఉన్నాయి.

*ఈ గ్రంథంలోని ప్రతి పంక్తికీ*
*ఉంది అని సాక్ష్యం పలికిన*
*నా ఇల్లాలికి.*

వెనక్కి వెళ్ళిపోదామనుకుంది ఆవిడ. కానీ చేతులు అప్పటికే అట్టలు పట్టుకుని ఉన్నాయి. బల్ల మీద పెట్టింది. పై అట్ట తీసింది.

"దొరికిందా!" పాఠాంతరంగారి మొహం వెలిగిపోయింది. "చూశావా మామా, ఈ ఇంట్లో ఏది పోయినా ఈవిడే వెతికిపెట్టాలి. ఎక్కడుందోయ్?"

"నా కుట్టుపెట్టెలో. నేనే దాచాను."

"దాచావా? ఎందుకు?"

"చివరి పంక్తులు చూడండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, భూతద్దం పట్టుకుని వంగారు. పై నుంచి మొదలుపెట్టి నింపాదిగా దిగారు. అడుగుకు వచ్చేసరికి ఆయనకు భూతద్దంలో అక్షరాలు కనబడలేదు. చిల్లులోంచి బల్లగుడ్డ నేత కనబడింది, పోగు పోగూ లెక్కపెట్టుకోవచ్చునన్నంత స్పష్టంగా.

భూతద్దం ఎత్తారు, మళ్ళీ పెట్టారు. పుట కొంచెం జరిపి చూశారు. బల్లగుడ్డే.

"ఇక్కడ లేదే," అన్నారు.

"లేదు."

"నువ్వు ఉందన్నావు."

"అన్నాను."

"నేను చదివాను. నువ్వు వేలు పెట్టి ఉందన్నావు."

"ఆ చిల్లు మీదే పెట్టాను. ఆ వాక్యం నాదే."

సీసం మామ చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. మనిషికి ఏం చేయాలో తెలియనప్పుడు చేతులకు ఏదో ఒకటి కావాలి. గుమ్మంలోంచి వదిన అతనికి సైగ చేసింది. అతను బతుకుజీవుడా అని వరండాలోకి నడిచాడు.

పాఠాంతరంగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన అరుస్తారనుకుంది ఉందమ్మ. అరిచినా బాగుండేది.

"ఇంకెన్ని చోట్ల అన్నావు అలాగ?" అని మాత్రం అడిగారు.

అది అరుపు కంటే ఎక్కువ తగిలింది.

"ఇంకెక్కడా లేదండీ. ఇదొక్కటే."

"ఎలా తెలియాలి నాకు? పంతొమ్మిదేళ్ళు. మూడువందల పుటలు. నువ్వు ఉందంటే ఉందనుకున్నాను. ఒక్కసారైనా తలెత్తి ప్రతి వంక చూడలేదు. చూడకూడదు కాబట్టి కాదోయ్, చూడాల్సిన అవసరం ఉందని నాకు ఏనాడూ తోచలేదు. ఇప్పుడు ఏ పంక్తి చదివినా ఇది ఉందో లేదో అనిపిస్తే నేనెలా బతకను?"

ఉందమ్మ తలెత్తింది. ఆవిడ గొంతులో అంతవరకు లేని గట్టిదనం వచ్చింది.

"నేను బతికానండీ. పదకొండేళ్ళ నుంచీ."

"ఏమిటీ?"

"ఒక్క చోట అనుమానం వస్తే మిగతా అన్ని చోట్లా ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీరు నవ్వితే, ఇది ఉందా లేదా అనుకునేదాన్ని. ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, ఎవరు గుర్తొచ్చారో అనుకునేదాన్ని. మీరు ఈ వేళ మొదటిసారి అనుకుంటున్నారు. నేను రోజూ అనుకున్నాను."

"దేని గురించి చెబుతున్నావు నువ్వు?"

"నీలం చొక్కా మూడో గుండీ."

ఆయన ఏదో అనబోయి ఆగిపోయారు. మనిషి నిజంగా తెలియక అడిగేటప్పటి మొహం వేరు, తెలిసి ఆగిపోయినప్పటి మొహం వేరు. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన ఆడదానికి ఆ తేడా చూడడానికి భూతద్దం అక్కర్లేదు.

వరండాలో సీసం మామ వదినకు సీసపు అక్షరాలు కరిగించిన రోజుల గురించి గట్టిగా చెబుతున్నాడు. లోపలి మాటలు తమకు వినబడడం లేదని తెలియజేయడానికి పాపం ఆయన తంటాలు ఆయనవి.

*

ఎంతసేపటికో పాఠాంతరంగారు ప్రూఫుల కట్ట దగ్గరికి లాక్కున్నారు. కుమ్మరి అధ్యాయం తీశారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి పెదవులు కదిపారు.

"ఇది అప్పటికప్పుడు అల్లావా?"

"అల్లడమేముంది. వచ్చేసింది."

"ఆ పాత భాషలో. ముందు పంక్తికి తూకం చెడకుండా." ఆయనకు కోపం నిలబెట్టుకుందామని ఉంది గానీ నిలవడం లేదు. "‘నిలిపినది’ అని ఆవిడకీ, ‘నిలుపుకొని’ అని వాడికీ వేశావు. ఆవిడ నిలిపింది ఊరందరికీ కనబడే నిప్పు. వాడు నిలుపుకోవాల్సింది లోపలెక్కడో ఉంది. దాని మీదే నాలుగు పేజీలు రాశాను నేను. ఏ కాలంనాటి ఏ మహానుభావుడు రాశాడో అనుకుని, రోజూ పొద్దున్నే వాణ్ణి తలుచుకున్నాను."

"నాకు తెలుసు. పక్కనే కూర్చుని విన్నాను."

"అంటే పదహారు పేజీలు నిన్ను పొగుడుతూ రాశానన్నమాట. నీకు తెలిసి, నాకు తెలియకుండా."

"చెడ్డ సిగ్గేసేదండీ," అందావిడ. ఆ మాటకు ఇద్దరి మూతులూ ఒక్క క్షణం వంకర తిరిగాయి. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"మామా!" అని కేకేశారు.

సీసం మామ వచ్చేసరికి ఆయన కలం మూత తీసి ఉంది. "పీఠికలో ఈ పదహారు పేజీలూ తీసెయ్యాలి."

"సరిగ్గా ఒక ఫారం, ఒకే షీటు మీద అచ్చయ్యేది. తీసేస్తే మిగతాది చెక్కు చెదరదు," అన్నాడు సీసం మామ. అతనికి చేతనైన ఓదార్పు అదొక్కటే.

"ఫోటో వద్దు. ఈ వాక్యానికి అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టు. అడుగున చిన్న అక్షరాల్లో వెయ్యి. ‘ప్రతిలో ఇక్కడ నాలుగు పంక్తులు పురుగు తిన్నది. ఈ వాక్యం చదివినవారిది.’ అంతే."

"తీసెయ్యకుండా ఉంచుతారా?" అంది ఉందమ్మ. నమ్మలేకపోయింది.

"ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. దొరికితే అప్పుడు చూద్దాం."

సీసం మామ ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "మరి అంకితం, గురువుగారూ? అది మార్చాలంటే ఇప్పుడే చెప్పాలి."

ఉందమ్మ నేల వంక చూస్తూ నిలబడింది. అన్నిటికంటే ఆ మూడు పంక్తులు పోతాయనే ఆవిడ దిగులు. అడిగే మొహం ఎక్కడిది ఇప్పుడు?

పాఠాంతరంగారు ఆ కాగితం తీసుకున్నారు. ‘ప్రతి పంక్తికీ’ అన్న చోట చిన్న గుర్తు పెట్టి, పైన రెండు మాటలు రాసి ఇచ్చేశారు. సీసం మామ పైకి చదివాడు.

"ఈ గ్రంథంలోని, ఒక్కటి తప్ప, ప్రతి పంక్తికీ ఉంది అని సాక్ష్యం పలికిన నా ఇల్లాలికి."

వరండాలోంచి వదిన గట్టిగా ముక్కు చీదింది.

*

సీసం మామ వెళ్ళాడు. వదిన కూడా, ఎన్నడూ లేనిది, తనంతట తానే అతన్ని వీధి చివరిదాకా సాగనంపుతానంటూ వెళ్ళింది.

ఉందమ్మ నలభై ఒకటో పుటను కట్టలో దాని చోట పెట్టి గుడ్డ చుట్టింది. పంతొమ్మిదేళ్ళ పని బల్ల మీంచి వెళ్ళిపోయేసరికి బల్ల చాలా పెద్దదిగా కనిపించింది. దానికి అటువైపు ఆయన, ఇటువైపు తన కుర్చీ.

"వంట చూస్తాను," అంది.

"కూర్చో."

"ఆకలేస్తుంది మీకు."

"కూర్చోవోయ్. ఒక పని మిగిలిపోయింది." ఆయన బల్ల మీద ఏదో వెతుక్కున్నారు. రాతప్రతి లేదు, కాగితాలు లేవు. చివరికి తన అరచెయ్యే తిప్పి ఆవిడ ముందు బల్ల మీద పెట్టారు. "పదకొండేళ్ళ కిందట నన్నొకటి అడిగావు. నేను విరామం ఉందా అని అడిగాను. కుమ్మరి నయం, వాడు తలైనా దించుకున్నాడు."

"ఇప్పుడెందుకు లెండి."

"ఇప్పుడు కాకపోతే మా అక్కలాగా ఫోటోని అడుగుతావా?"

అంటే వంటింటి మాటల్లో చివరి ముక్క ఆయన చెవిన పడిందన్నమాట. ఇల్లు కూలినా వినబడని మనిషి ఈ ఒక్కటీ విన్నాడు.

"నేను చదువుతాను. నువ్వు వేలు పెట్టు. నీకు తెలిసినదైతే ఉందను. అబద్ధమనిపిస్తే లేదను. నువ్వు ఉందంటేనే ఆ పంక్తి నిలిచినట్టు. ఎప్పటిలాగే."

ఆవిడ కూర్చుంది. చూపుడు వేలు ఆయన అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్ళలో ఆయన మొదటిసారి కాగితం వంక కాకుండా ఆవిడ వంకే చూస్తూ చదివారు.

"ఆ ఊళ్ళో ఒకావిడ ఉండేది. నాకు ప్రతి చదివి పెట్టేది."

ఉందమ్మ కళ్ళు మూసుకుంది. వేలు మాత్రం తియ్యలేదు.

"ఉంది," అంది.

"గుండీ ఆవిడే కుట్టింది. నేను వద్దనలేదు."

ఈసారి చాలాసేపు పట్టింది.

"ఉంది."

ఆయన అరచెయ్యి మెల్లగా మూసుకుని ఆవిడ వేలిని పట్టుకుంది. మూడో పంక్తికి ఆయన నోరు తెరిచారు, మాట రాలేదు. ఆవిడ వేలు వెనక్కి లాక్కోలేదు. కళ్ళు తెరిచి, పంతొమ్మిదేళ్ళుగా ఆయన తడబడినప్పుడల్లా అన్నట్టే అంది.

"చదవండి. నేను చూస్తున్నాను."